కెర్నెల్ చేతులెత్తేస్తే...

2024 జులై 19, శుక్రవారం. చెకిన్ కంప్యూటర్లు మొరాయించడంతో శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది పెన్ను పట్టారు. కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఇంటర్నెట్‌లో తెగ తిరిగింది. ఆరోజు ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి మరి!

మనం వాడే ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండేది కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అన్నమాట. ఏ ప్రోగ్రామైనా పిచ్చిపని చేస్తే దాన్నొక్కదాన్నే మూసేస్తుంది. మరి కెర్నెలే తప్పు చేస్తే? దాని కింద ఉన్నది ఉత్త యంత్రమే, సర్దిచెప్పే పెద్దదిక్కు లేదు. అందుకే ముందే ఓ ఏర్పాటు చేసుకుంటుంది. ప్రాసెసర్ తప్పును పసిగట్టగానే పనిని అక్కడికి మళ్లిస్తుంది. ఆ కోడు మిగతా పనులన్నీ ఆపి, ఎక్కడ ఏం జరిగిందో తెరమీద రాసి, నిలిచిపోతుంది. అదీ తడబడితే ఇంటెల్ తరహా ప్రాసెసర్లు ఇంకొక్క అవకాశమిస్తాయి. మూడోసారీ తప్పితే మాటల్లేవు... రీసెట్టే!

ఎలాగోలా నడిపించొచ్చుగా అంటారా? ఒకప్పటి ఆదిలాబాద్, ఇప్పటి మంచిర్యాల జిల్లా బెల్లంపల్లిలో బొగ్గు బాయి దిగినవాళ్లనడగండి. గని గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలన్నది నిబంధన. నిజానికి పేలుడుకు దాదాపు 5 శాతం కావాలి. అయినా అంతదాకా ఆగరు. ఉత్పత్తి పోయినా సరే, నిప్పురవ్వ పుట్టకూడదు. కెర్నెల్ లెక్కా అదే. మెమరీ ఎంత చెడిందో తెలియకుండా నడిస్తే ఆ చెత్తంతా డిస్కులోకెక్కుతుంది. అక్కడ పాడైన జీతాల లెక్కలో పెళ్లి ఫొటోలో రీస్టార్ట్ చేస్తే తిరిగిరావు.

ఆ శుక్రవారం జరిగిందీ ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ విండోస్ కెర్నెల్ లోపలే నడుస్తుంది. మన టైము ప్రకారం ఉదయం 9.39కి వచ్చిన అప్‌డేట్‌తో అది 21వ విలువ కోసం వెతికింది. ఉన్నవేమో 20! లేనిదాన్ని చదవబోయింది, విండోస్ ఆగిపోయింది. సంస్థ 78 నిమిషాల్లో తప్పు దిద్దింది. కానీ ఆగిన యంత్రం దాన్ని అందుకునేదెలా? ఆన్ చేస్తే అదే ఫైలు, మళ్లీ అదే తెర. అసలు చిక్కు ఆగడంలో లేదు, లేవడంలోనే ఉంది. చాలాచోట్ల ఇంజినీర్లు ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి, సేఫ్‌మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సొచ్చింది.

2025లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11కి, లేవలేని కంప్యూటర్ తనే ఇంటర్నెట్ నుంచి మరమ్మతు తెచ్చుకునే సదుపాయాన్ని జోడించింది. పనిలో పనిగా నీలి తెరను నల్లగా మార్చేసింది. రంగు మారిస్తే ఏమొస్తుందో మరి!