అరగంటకోసారి ఆగే ట్రాక్టరు

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే దారిలో ఏన్కూరు దాటాక జూలూరుపాడు వస్తుంది. రోడ్డుకు దగ్గర్లో పత్తి చేలు, మిరప తోటలు, కాస్త లోపలికి పోతే అడవి అంచు. ఇక్కడ ట్రాక్టరుకు పని ఒక్క తీరుగా ఉండదు. తొలకరికి ముందు దుక్కి, వరి మడుల్లో దమ్ము, పంట చేతికొచ్చాక మిర్చి బస్తాలతో ఖమ్మం మార్కెట్ దాకా పరుగు. బురద, రాళ్ల బాట, తారు రోడ్డు, అన్నీ ఒకే బండి మోయాలి. అలా ఏళ్ల తరబడి నలిగిన బండిని ఇంకో రైతు కొన్నప్పుడు, దాంతోపాటు దాని తిక్కలు కూడా ఇంటికొస్తాయి.

ఒక బండి పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది, మధ్యాహ్నం ఎంత తిప్పినా కదలదు. ఇంకోటి ఖాళీగా బాగానే ఉరుకుతుంది, గొర్రు భూమిలో దిగగానే నల్లటి పొగ కక్కుతుంది. మరోటి అరగంట దున్ని ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే, ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది.

ఇలాంటప్పుడు ముందుగా వినిపించే మాట ‘పంపు పోయింది’ అనో, ‘ఇంజను విప్పాలి’ అనో. రెండూ పెద్ద ఖర్చులే. అప్పు చేసి బండి కొన్న రైతు ఆ ఖర్చుకు తలూపే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు వెతకాలని నా గట్టి అభిప్రాయం. ఆ తిక్క ఎప్పుడు చేస్తోంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? లోడు మీదా, ఖాళీగానా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడా, అడుగంటినప్పుడా? జబ్బు ఎక్కడుందో సగం ఆ వేళలోనే తెలిసిపోతుంది.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా ఒత్తితే వేడెక్కుతుందన్న సూత్రం మీదే అది నడుస్తుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించి చూపిన ఇంజనుదీ అదే దారి. మన ట్రాక్టర్లలో పిస్టన్ గాలిని సుమారు పదిహేడో వంతుకు కుదిస్తుంది. ఆ గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ సన్నటి రంధ్రాల గుండా, సుమారు 200 వాతావరణాల ఒత్తిడితో డీజిల్‌ను చిమ్ముతుంది. చాలినంత గాలి, ఆగకుండా డీజిల్, లోపల గట్టి ఒత్తిడి. ఈ మూడింటిలో ఏది తగ్గినా బలం తగ్గుతుంది. కానీ ఏది తగ్గితే ఎప్పుడు తగ్గుతుందన్నది మాత్రం వేరువేరుగా ఉంటుంది.

అరగంటకోసారి ఆగే బండినే చూద్దాం. డీజిల్ ట్యాంకు మూతకు గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్ము, డీజిల్ జిడ్డు కలిసి గట్టిపడితే అది పూడిపోతుంది. కుమ్మరి పురుగు మట్టి పెట్టినా అంతే. ఇంజను డీజిల్ తీసుకుంటున్న కొద్దీ, ఖాళీ అయిన చోటికి బయటి గాలి రావాలి. దారి లేకపోతే లోపలున్న కాస్త గాలే సాగి ఆ చోటంతా నిండుతుంది, ఒత్తిడి పడిపోతుంది.

ఎంత పడిపోతుందో లెక్క కడితే ఒక వింత బయటపడుతుంది. 45 హార్స్ పవర్ బండి దుక్కిలో అరగంటకు 2 లీటర్ల డీజిల్ వాడిందనుకుందాం. ట్యాంకు దాదాపు నిండుగా ఉండి, పైన 5 లీటర్ల గాలి మాత్రమే ఉంటే, అది 7 లీటర్లకు సాగాలి. ఒత్తిడి 71 శాతానికి దిగుతుంది. అదే ట్యాంకు సగం ఖాళీగా, 25 లీటర్ల గాలితో ఉంటే, అది సాగేది 27 లీటర్లకే. ఒత్తిడి 93 శాతం దగ్గర నిలుస్తుంది. ట్యాంకు పంపుకు అర మీటరు ఎత్తున ఉన్నా, ఆ ఎత్తు వల్ల డీజిల్‌కు దొరికే తోపుడు వాతావరణ ఒత్తిడిలో 4 శాతమే. మొదటి సందర్భంలో 29 శాతం వెలితిని అదెక్కడ తట్టుకుంటుంది! అందుకే ఈ జబ్బున్న బండి డీజిల్ నిండా పోయించిన రోజే తొందరగా ఆగుతుంది. ఆగాక సందుల్లోంచి గాలి మెల్లగా లోపలికి జారుతుంది, పది నిమిషాలకు బండి కోలుకుంటుంది. ఇంజను నీరసపడుతున్నప్పుడే మూత వదులు చేసి చూడండి. ‘స్స్’మని గాలి లోపలికి పోయి ఇంజను అందుకుంటే దొంగ దొరికినట్టే. ఆ రంధ్రాన్ని సన్నటి తీగతో శుభ్రం చేస్తే చాలు, పంపు జోలికి పోనక్కర్లేదు.

మూత వదిలినా మార్పు లేకపోతే ట్యాంకు అడుగున పేరుకున్న నలుసులను అనుమానించాలి. అవి మెల్లగా గొట్టం నోటికి అడ్డుపడి, బండి ఆగాక విడిపోతాయి. డీజిల్ తగ్గిన కొద్దీ, ఎగుడుదిగుడు బాటలో ట్యాంకు కుదిలిన కొద్దీ ఇది ఎక్కువవుతుంది. మూత జబ్బుకు ఇది సరిగ్గా తలకిందులు. వానాకాలంలో దీనికి నీళ్లు కూడా తోడవుతాయి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ గోడలకు పట్టి అడుగుకు జారుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అక్కడే ఉండిపోతుంది. అది పంపు దాకా పోతే తుప్పు పట్టిస్తుంది. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపి పెట్టడం, వారానికోసారి ఫిల్టరు కింది మరను వదిలి అడుగు డీజిల్ కాస్త తీసేయడం దీనికి మందు.

ఇక మధ్యాహ్నం అందుకోని బండి. ఇది పంపు తప్పేనని అనుమానించడంలో న్యాయముంది. పంపులో డీజిల్‌ను నెట్టే భాగానికీ దాని గూటికీ మధ్య సందు, మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే రెండు మూడు భాగాలంత. అరిగితే ఆ సందు పెరుగుతుంది. వేడికి డీజిల్ పలచబడి ఆ సందులోంచి వెనక్కి కారిపోతుంది, సెల్ఫు తిప్పే నెమ్మది వేగానికి నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. పొద్దున చల్లటి, చిక్కటి డీజిల్ ఆ అరుగుదలను కప్పిపుచ్చుతుంది. రోటరీ పంపుల్లో ఇది మరీ ఎక్కువ. పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపాగి తిప్పితే అందుకుందంటే అరుగుదల ఖాయం. చన్నీళ్లు మాత్రం కుమ్మరించొద్దు. గూడు ఒక్కసారిగా ముడుచుకుని పంపు పట్టేసే ప్రమాదముంది.

ఎండ ఇంకో పని కూడా చేస్తుంది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 8 శాతం పలచన. కొత్తగూడెం వైపు మే నెల మధ్యాహ్నం బండి బరువుగా లాగుతోందనిపిస్తే అది భ్రమ కాదు, ఇంజనుకు అందే గాలే తక్కువ. దానికి తోడు పత్తి నూగు, చెత్త రేడియేటరు రెక్కలకు పట్టి ఉంటే వేడి దిగే దారి కూడా ఉండదు.

పొగ రంగు గురించి మెకానిక్కులందరూ చెబుతారు. రంగుతోపాటు వేళ కూడా చూడాలి. లోడు మీదే నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదన్నమాట. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పండి. ఖాళీగా ఉన్నా నలుపు తగ్గకపోతే కారుతున్న నాజిల్‌ను చూపించాలి. పొద్దున వచ్చే తెల్ల పొగ వేడెక్కాక పోతే అది కాలని డీజిల్ ఆవిరి, లోపలి ఒత్తిడి తగ్గిందనడానికి గుర్తు కావచ్చు. అస్తమానం వస్తూ రేడియేటరు నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ కాలి ఉండవచ్చు. నీలి పొగ అంటే ఇంజను ఆయిల్ తాగుతోంది. చాలాసేపు నెమ్మదిగా తిరిగి, రేసు ఇవ్వగానే ఒక్క బుస్సున వచ్చి ఆగితే వాల్వు గైడ్లు, లోడు మీద ఎడతెగకుండా వస్తే పిస్టన్ రింగులు. రింగులేనా అన్న అనుమానం తీరడానికి సిలిండరులో కాస్త ఇంజను ఆయిల్ పోసి ఒత్తిడి కొలుస్తారు. ఆయిల్ రింగుల సందును మూస్తుంది కాబట్టి, అప్పుడు ఒత్తిడి పెరిగితే తప్పు రింగులది. పెరగకపోతే వాల్వులదో, హెడ్ గ్యాస్కెట్‌దో. ఇంజను విప్పించే ముందు ఈ ఒక్క పరీక్ష చేయమని గట్టిగా అడగండి.

ఇంజను గట్టిగా మోగుతూ బండి మాత్రం కదలకపోవడం వేరే కథ. రేసుతోపాటు చక్రాలు తిరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది.

చక్రాలు తిరుగుతున్నా బండి సాగకపోతే నేల మీద పట్టు లేదని. దీన్ని రైతే కొలవవచ్చు. వెనక టైరు మీద సున్నంతో గీత పెట్టి, గొర్రు ఎత్తి పది చుట్లకు ఎంత దూరం పోయిందో చూడాలి. తర్వాత గొర్రు దించి మళ్లీ పది చుట్లు. మొదటిది 42 మీటర్లు, రెండోది 34 మీటర్లయితే జారుడు 19 శాతం. దుక్కిలో 10 నుంచి 15 శాతం దాకా ఫరవాలేదు. అంతకు మించితే డీజిల్, టైరు రెండూ దండగే. వెనక టైర్లలో ముప్పాతిక దాకా నీళ్లు నింపించి మళ్లీ కొలవండి. జారుడు దిగివస్తే ఇంజనులో లోపం లేదు, దాన్ని విప్పొద్దు.