పరిశోధన - ప్రకటన

పరిశోధకుడు కనుగొన్న సత్యం అతని ప్రయోగశాలలోనే ఉండిపోతే లోకానికి ప్రయోజనం లేదు. దానిని నలుగురి ముందు పెట్టాలి. నలుగురూ పరీక్షించాలి. ఆ పరీక్షకు నిలిచినప్పుడే అది శాస్త్రమవుతుంది. కాబట్టి పరిశోధన ఎంత ముఖ్యమో, దానిని ప్రకటించే తీరు కూడా అంత ముఖ్యం. ఇందుకు సి.వి. రామన్ కృషి చక్కని ఉదాహరణ.

రామన్ 1888లో తిరుచిరాపల్లిలో జన్మించాడు. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తరువాత కలకత్తాలో కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి కాంతి పరిక్షేపణంపై ప్రయోగాలు చేశాడు. ఒకే రంగు కాంతిని ద్రవం గుండా పంపితే, చెదరి వచ్చే కాంతిలో ఆ రంగుతోపాటు వేరే రంగు కూడా కొద్దిగా ఉంటుందని వారు గమనించారు.

1928 ఫిబ్రవరి 16న ఇంగ్లండులోని 'నేచర్' పత్రికకు వారిద్దరి పేర్లతో ఒక చిన్న లేఖ వెళ్లింది. సుమారు అరవై ద్రవాలను పరీక్షించామనీ, ఎటువంటి కాంతి వడపోతలు వాడామనీ అందులో వివరించారు. 'ఇది మామూలు ప్రతిదీప్తి కావచ్చు కదా!' అని ఎవరైనా సందేహించవచ్చు. ఆ సందేహాన్ని వారే ఊహించి, కాదనడానికి కారణాలు చూపారు. చదివినవారు అదే ప్రయోగాన్ని తామూ చేసి చూడగలిగేటట్లు రాయడమే మంచి శాస్త్రరచన లక్షణం.

ఫిబ్రవరి 28న వర్ణపటదర్శినితో చూడగా ఫలితం మరింత స్పష్టమయింది. మార్చి 16న రామన్ బెంగుళూరులో దీనిపై ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసాన్ని వెంటనే అచ్చువేయించి దేశవిదేశాల శాస్త్రజ్ఞులకు పంపాడు. అందులో కృష్ణన్ సహకారాన్ని పేర్కొన్నాడు. 1923లోనే కె.ఆర్. రామనాథన్ చేసిన పరిశీలనను కూడా మరువలేదు.

ఆ రోజుల్లోనే మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే శాస్త్రజ్ఞులు స్ఫటికాలలో ఇదే విషయాన్ని కనుగొన్నారు. కాని వారి వ్యాసం జర్మన్ పత్రికలో జూలైలో వెలువడింది. అప్పటికే రామన్ ప్రకటనలు లోకానికి తెలిశాయి. ఆ రష్యన్ శాస్త్రజ్ఞులు తమ వ్యాసంలో రామన్ కృషిని దాచక ప్రస్తావించారు. 1930లో నోబెల్ బహుమతి రామన్‌కు లభించింది. వారి ప్రతిభ తక్కువ కాదు. వారి నిజాయితీ అంతకంటె గొప్పది.

వేగం వేరు, తొందరపాటు వేరు. రామన్ వేగం వెనుక అరవై ద్రవాల పరీక్ష ఉంది. చేయని ప్రయోగాన్ని చేసినట్లు రాయడం, అనుకూలించని ఫలితాలను దాచడం, ఇతరుల మాటలను తమవిగా చెప్పుకోవడం, కలిసి శ్రమించినవారి పేరు వదలివేయడం - ఇవన్నీ పరిశోధనకు ద్రోహాలు. పొరపాటు జరిగిందని తెలిస్తే దానిని బహిరంగంగా సవరించుకోవడం అవమానం కాదు, ధర్మం.

ఏటా ఫిబ్రవరి 28ని మనం జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పాఠశాల ప్రయోగ పుస్తకంలో చూసినది చూసినట్లు రాసి, సాయం చేసిన మిత్రుని పేరు కూడా చేర్చే విద్యార్థి ఆ దినోత్సవాన్ని సార్థకం చేసినవాడవుతాడు.