సేద్యపు యంత్రాలు: కొనాలా... బాడుగకు తెచ్చుకోవాలా?

వాయిదాల ఊబిలో దిగకముందే గంటల లెక్క చూసుకోవాలి

నంద్యాల, ఆళ్లగడ్డ: కాడెద్దులు, మడక, గుంటక ఇంటనే ఉన్న రోజుల్లో ఈ ప్రశ్న రైతుకు ఎదురు కాలేదు. ఇప్పుడు దుక్కి మొదలు ధాన్యం ఇల్లు చేరే వరకు అన్నీ యంత్రాలే. కేసీ కాలువ, తెలుగుగంగ కింద వరి వేసే ఆళ్లగడ్డ, శిరివెళ్ల, గోస్పాడు రైతులకైనా, రేగడి నేలల్లో శనగ వేసే కోవెలకుంట్ల, సంజామల రైతులకైనా పెట్టుబడిలో పెద్ద పద్దు బాడుగలదే. పదును మీద ఉన్న నేలకు సమయానికి ట్రాక్టరు రాకపోతే విత్తనం అదను తప్పుతుంది. దీంతో 'బాడుగలకు పోసే డబ్బుతో వాయిదాలే కట్టుకుంటే బండి మనదవుతుంది కదా' అన్న ఆలోచన చిన్న రైతుకు సైతం సహజంగానే కలుగుతోంది.

దానికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, కోత యంత్రాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు రూ.7 లక్షలున్న ట్రాక్టరుపై రూ.49 వేలు మిగులుతాయి. ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయితే ధర తగ్గినంత మాత్రాన రైతు పొలంలో ట్రాక్టరుకు పని పెరగదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

తిరిగినా, నిలిచినా ఖర్చే

ఉజ్జాయింపుగా ఒక లెక్క చూద్దాం. రోటవేటరుతో కలిపి రూ.8 లక్షలు పడిన ట్రాక్టరు పదేళ్లు పనిచేసి, చివరికి రూ.80 వేలకు అమ్ముడవుతుందనుకుంటే ఏటా అరుగుదల రూ.72 వేలు. పదేళ్ల మీద సగటున చూస్తే 10 శాతం వడ్డీ ఏడాదికి సుమారు రూ.44 వేలు. బీమా, షెడ్డు వగైరాలకు రూ.14 వేలు. వెరసి రూ.1.30 లక్షలు. చుక్క డీజిల్ పోయకుండా, చెట్టు కింద నిలిపి ఉంచినా ఈ భారం తప్పదు.

అదే ట్రాక్టరు ఏడాదికి 1,000 గంటలు తిరిగితే ఈ భారం గంటకు రూ.130. కేవలం 200 గంటలే తిరిగితే గంటకు రూ.650. డీజిలు, డ్రైవరు కూలి, మరమ్మతులు దీనికి అదనం. ఏడాదికి 1,000 గంటల పని ఉంటేనే ట్రాక్టరు గిట్టుబాటవుతుందని వ్యవసాయ ఇంజినీర్లు సాధారణంగా చెప్పేది ఇందుకే.

ఊరిలో గంట బాడుగ రూ.1,000 అనుకుందాం. సొంత బండికి డీజిలు, డ్రైవరు, మరమ్మతులు కలిపి గంటకు రూ.550 అయితే మిగిలేది రూ.450. ఆ మిగులుతో రూ.1.30 లక్షలు పూడాలంటే ఏడాదికి దాదాపు 290 గంటల పని కావాలి. దున్నకం, దమ్ము, విత్తనం, తోలకాలు అన్నీ కలిపి ఎకరాకు ఏడాదిలో 10 గంటలు పడతాయనుకున్నా 29 ఎకరాల సేద్యం ఉండాలన్నమాట. ఐదెకరాల ఆసామికి అయ్యేది 50 గంటలే. మిగతా 240 గంటలు ఇతరుల పొలాల్లో తిప్పగలిగితేనే బండి నిలదొక్కుకుంటుంది. అంటే ఆయన రైతుగానే కాక బాడుగ వ్యాపారిగానూ బతకాలి. తెల్లవారుజామున ఫోను మోగితే లేచి వెళ్లడం, పంట అమ్మిన తర్వాత ఇస్తామన్న బాకీలు వసూలు చేసుకోవడం అందరికీ చేతనయ్యే పనులు కావు. ఇప్పటికే ఊరిలో పది ట్రాక్టర్లు ఉంటే పదకొండో దానికి పని దొరకడం మరీ కష్టం. ఈ అంకెలు ఊరిని బట్టి మారతాయి. ఎవరి బాడుగ ధర, ఎవరి వడ్డీ వారు వేసుకుని ఇదే లెక్క కట్టుకోవచ్చు.

విత్తనాన్ని బట్టి యంత్రం

కోత యంత్రం సంగతి వేరు. దాని ధర ట్రాక్టరుకు ఎన్నో రెట్లు. సీజనులో కొన్ని వారాలు మాత్రమే పని. సొంతానికి కొనడం చిన్న, మధ్యతరగతి రైతులకు తగని పని. బాడుగకు తెచ్చుకోవలసిందే. అయితే ఆ బాడుగ ఎంతవుతుందన్నది చాలావరకు రైతు చేతిలోనే ఉంది.

శనగ ఇందుకు మంచి ఉదాహరణ. మామూలు రకాలు గుబురుగా, పొట్టిగా పెరిగి కాయలు నేలకు దగ్గరగా కాస్తాయి. కోత యంత్రం కత్తెర అంత కిందికి అందదు. అందువల్ల కూలీలతో పీకించక తప్పేది కాదు. 1906లో ఏర్పడిన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఇక్రిశాట్ సహకారంతో రూపొందించిన ఎన్‌బీఈజీ 47 (ధీర) రకం నిటారుగా, ఎత్తుగా పెరిగి యంత్రంతో కోతకు వీలిచ్చింది. అక్టోబరులో విత్తనం ఎంచుకునేటప్పుడే జనవరి, ఫిబ్రవరి నెలల కోత ఖర్చు సగం తేలిపోతుందని దీన్ని బట్టి తెలుస్తుంది.

వరిలోనూ అంతే. కర్నూలు సోనాగా పేరొందిన బీపీటీ 5204 గాలివానకు పడిపోతే నిలిచిన పైరుకు పట్టే సమయం కంటే ఎక్కువ గంటలు పడుతుంది. బాడుగ గంటలకే కాబట్టి ఆ భారం రైతుదే. మడి ఆరకపోతే టైరు యంత్రం దిగబడుతుంది. చైను యంత్రం పిలవాలి, దానికి బాడుగ ఎక్కువ. కోతకు ముందు నీళ్లు సకాలంలో తీసేసిన రైతుకు ఆ తేడా మిగులుతుంది. గడ్డి నలిగిపోవడం వల్ల పశువులున్నవారు కట్టలు చుట్టే యంత్రానికి మళ్లీ బాడుగ కట్టవలసి రావడం మరో తలనొప్పి. ఈ ఖర్చును చాలామంది లెక్కలోకే తీసుకోరు.

నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం వార్త వచ్చిందంటే అందరికీ అదే రోజు యంత్రం కావాలి. బాడుగ పద్ధతిలో అసలైన నష్టభయం ఇదే. ఇక్కడ డబ్బుకంటే వరుస ముఖ్యం. పక్కపక్క పొలాల రైతులు కలిసి ముప్పై, నలభై ఎకరాలు ఒకేసారి మాట్లాడుకుంటే యజమాని యంత్రాన్ని ఆ చేల నుంచి కదల్చడు. ఒంటరిగా రెండెకరాలకు అడిగినవారి పొలానికి చివరన వస్తుంది.

ఉమ్మడి కొనుగోలు

2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం బాడుగ యంత్రాల కేంద్రాలకు రాయితీలిచ్చింది. రాష్ట్రంలో 2022 జూన్ 7న గుంటూరులో ప్రారంభించిన యంత్ర సేవా పథకం కింద రైతు బృందాలకు 40 శాతం రాయితీ, 50 శాతం బ్యాంకు రుణం లభించగా 10 శాతం సొంతంగా పెట్టుకున్నారు. రాయితీ పథకాలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి గనుక ప్రస్తుత నిబంధనలను గ్రామ రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. బృందంగా కొనేవారు డ్రైవరు జీతం ఎవరివ్వాలి, ముందుగా ఎవరి చేను కోయాలి, మరమ్మతు వస్తే ఎవరు భరించాలి అన్నవి కాగితం మీద రాసుకోకపోతే మొదటి కోతలోనే బంధుత్వాలు చెడతాయి.

మందు పిచికారీ డ్రోన్లకూ బాడుగే మేలు. వాటిని నడపడానికి శిక్షణ కావాలి, బ్యాటరీల ఖర్చు ఎక్కువ. మహిళా సంఘాలకు 80 శాతం రాయితీతో వీటినిచ్చే నమో డ్రోన్ దీదీ పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది.

చిన్న సామగ్రి విషయంలో మాత్రం ఆలోచించే పనే లేదు. బ్యాటరీ స్ప్రేయరు, కల్లంలో పరిచే పట్టాలు సొంతానివై ఉండాలి. వాన మొదలయ్యాక పట్టా అరువిచ్చేవారు ఉండరు.

కౌలు రైతు పెద్ద యంత్రం జోలికి పోకపోవడమే క్షేమం. సాగు హక్కు పత్రం గడువే 11 నెలలు, వాయిదాలేమో ఏళ్ల తరబడి. పాత ట్రాక్టరు కొనదలచినవారు మీటరు చూపే గంటల కంటే క్లచ్, హైడ్రాలిక్ పనితీరును పొలంలో దున్నించి చూసుకోవాలి. ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరుంటే, అప్పు తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి వచ్చిన తర్వాతే పూర్తి సొమ్ము చెల్లించాలి. లేనిపక్షంలో పాత యజమాని బాకీకి కొత్త యజమాని కల్లం నుంచి బండిని తోలుకుపోయే ప్రమాదముంది.