హక్కుకు అక్షరసాయం

కడప జిల్లాలో ప్రొద్దుటూరుకు అనతిదూరంలో, ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ళ అనే గ్రామం ఉంది. అక్కడి చెన్నకేశవాలయ ప్రాంగణంలోని రేనాటి చోళుల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. ఇంతవరకు లభించిన తెలుగు శాసనాలలో ఇదే మొదటిదని పండితుల అభిప్రాయం. ఆ రాతిమీద కొన్ని పంక్తులు శిథిలమయ్యాయి. తరువాతి శతాబ్దాల దానశాసనాలు మాత్రం విషయాన్ని వివరంగానే తెలుపుతాయి. ఎవరు, ఎవరికి, ఎంత నేలను, ఏ హద్దులతో ఇచ్చారో చెప్పి, ఆ దానాన్ని హరించినవానికి పంచమహాపాతకాలు చుట్టుకొంటాయని శపించి ముగుస్తాయి. హక్కును రాతిలో చెక్కించగలిగిన ప్రభువు సైతం దాని రక్షణకు శాపాన్నే ఆశ్రయించాడన్నమాట.

ఆధునిక ప్రపంచం శాపానికి బదులు న్యాయస్థానాన్ని నమ్ముకొంది. 1948 డిసెంబరు 10న పారిస్ నగరంలో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వజనీన మానవహక్కుల ప్రకటనలో 30 అధికరణాలున్నాయి. మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అనే అర్థమిచ్చే మాటను తొలగించి ‘మానవులందరూ’ అని చేర్చడానికి కృషి చేసినది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. హక్కుకు భంగం కలిగినప్పుడు ప్రతి వ్యక్తికీ తన దేశపు న్యాయస్థానాలలో ఫలవంతమైన పరిష్కారం పొందే హక్కు ఉందని ఎనిమిదవ అధికరణం చెబుతుంది. ‘ఫలవంతమైన’ అనే ఆ విశేషణంలోనే కష్టమంతా ఉంది. పారిస్‌లో రాసిన వాక్యం పులివెందుల పక్కన ఒక పల్లెలోని రైతుకు ఫలించాలంటే నడుమ అర్జీ రాయాలి, పత్రాలు సేకరించాలి, సాక్షిని ఒప్పించాలి, వాయిదాలకు తిరగాలి. ఈ పనులను ప్రతిఫలాపేక్ష లేకుండా చేసేవారే న్యాయసేవలోని స్వచ్ఛంద కార్యకర్తలు.

మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన 39-ఎ అధికరణం పేదరికం కారణంగా ఎవరికీ న్యాయం దూరం కారాదని నిర్దేశించింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది. నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి స్తోమత లేకపోతే, న్యాయం కోరిన సందర్భాలలో ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేయాలని అది కూడా చెబుతుంది. వీటికి రూపమిచ్చిన న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1987లో వచ్చినా, అమలులోకి వచ్చింది 1995 నవంబరు 9న మాత్రమే. స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఆ జాబితాలో అనావృష్టి బాధితులు కూడా ఉన్నారన్న సంగతి కరవుసీమలో ఎందరికి తెలుసు?

చట్టానికీ ప్రజలకూ మధ్య వారధిగా పారాలీగల్ వాలంటీర్లను తయారుచేసే పథకాన్ని జాతీయ న్యాయసేవల అధికార సంస్థ 2009లో ప్రారంభించింది. వీరు న్యాయవాదులు కారు, కోర్టులో వాదించరు. ప్రొద్దుటూరు మగ్గాల వీధులలో ఖాళీ ప్రాంసరీ నోటు మీద వేలిముద్ర వేసిన నేతకార్మికురాలు ఉన్నదనుకొందాం. అందులోని అంకె ఎవరు పూరించారో, కట్టిన వడ్డీకి రసీదు ఉందో లేదో, నోటీసు వస్తే ఎన్ని రోజులలో బదులివ్వాలో ఆమెకు తెలియజెప్పి, న్యాయసహాయం కోసం దరఖాస్తు రాయించి, కోర్టు ప్రాంగణం దాకా తోడు వెళ్ళడం వీరి పని. చూడటానికి చిన్నపనే. అది జరగక ఓడిపోయే వ్యాజ్యాలు అనేకం. 15100 అనే నంబరుకు ఫోన్ చేసి కూడా ఈ సహాయం కోరవచ్చు.

ప్రభుత్వ పథకానికి చాలాకాలం ముందే తెలుగునాట ఈ సేవ ఉంది. అత్యవసర పరిస్థితి కాలంలో మెదక్ జిల్లా గిరాయిపల్లిలో జరిగిన ఎదురుకాల్పుల మరణాలపై 1977లో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన నిజనిర్ధారణ సంఘం ఏర్పడింది. దానికి కార్యదర్శి న్యాయవాది కె.జి. కన్నబిరాన్. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి ఆయన 1978 నుంచి 1994 వరకు అధ్యక్షులుగా ఉన్నారు. గణితశాస్త్రంలో డాక్టరేటు పొంది, కాకతీయ విశ్వవిద్యాలయంలో అధ్యాపకత్వాన్ని విడిచి, తరువాత న్యాయవాదిగా మారిన కె. బాలగోపాల్ మార్గం మరింత విశిష్టమైనది. రాజ్యం చేసే హింసను మాత్రమే కాక కులం, పురుషాధిక్యం, ప్రైవేటు ముఠాలు చేసే హింసను కూడా హక్కుల ఉల్లంఘనగానే చూడాలని ఆయన భావించారు. 1998లో మిత్రులతో కలిసి మానవహక్కుల వేదికను స్థాపించారు. 2009 అక్టోబరు 8న మరణించేవరకు పేదల పక్షాన హైకోర్టులో వాదించారు.

బాలగోపాల్ దృష్టి రాయలసీమకు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల ముఠాకక్షలలో ప్రాణాలు కోల్పోయిందీ, చెరసాలకు వెళ్ళిందీ ఎక్కువగా అనుచరులే. సాక్షి భయపడతాడు. పెద్దమనుషుల రాజీతో కేసు వీగిపోతుంది. వితంతువు గోడు ఏ కాగితంలోనూ మిగలదు. అటువంటి ఊరికి నిజనిర్ధారణకు వెళ్ళేవారు ఒంటరిగా వెళ్ళరు. ఇరువర్గాలనూ కలుస్తారు, పోలీసు అధికారి వివరణ కూడా అడుగుతారు. కళ్ళారా చూసినదాన్నీ చెవిన పడినదాన్నీ వేర్వేరుగా రాసుకొంటారు. ప్రాణభయం ఉన్నవారి పేరును నివేదికలో రాయరు. ఆవేశం కంటే తేదీ, సమయం, సర్వే నంబరు కోర్టులో ఎక్కువ మాట్లాడతాయని వీరికి అనుభవం మీద తెలుసు.

పులివెందుల సమీపంలోని తుమ్మలపల్లె యురేనియం గని విషయంలోనూ ఇదే నిదానం అవసరమైంది. ప్రతిపాదిత గనిపై 2006లో ప్రజాభిప్రాయ సేకరణ, 2007లో శంకుస్థాపన జరిగాయి. వ్యర్థాలను నిలవచేసే చెరువు వల్ల బోరునీరు చెడిందని, అరటితోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల గ్రామాల రైతులు ఫిర్యాదు చేశారు. గని సంస్థ ఆ ఆరోపణను అంగీకరించలేదు. ఇటువంటి వివాదంలో ఎవరి మాట నిజమో కంఠస్వరం తేల్చదు. ఏ బోరు నుంచి, ఏ తేదీన, ఎవరి సమక్షంలో నీటి నమూనా తీశారో, ఏ ప్రయోగశాల పరీక్షించిందో చూపే పత్రం కావాలి. ఆ సీసా మీద చీటీ అంటించి సంతకాలు చేయించే యువకుడు చేసేదీ న్యాయసేవే.

పెన్నానదిపై నిర్మించిన గండికోట జలాశయానికి సంబంధించిన చిక్కు మరో తీరుది. 2020లో జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు జమ్మలమడుగు ప్రాంతంలోని తాళ్ళప్రొద్దుటూరులో ఇళ్ళలోకి నీరు చేరింది, గ్రామస్థులు ఆందోళనకు దిగారు. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం వయోజనుడైన ప్రతి వ్యక్తిని, స్త్రీ అయినా పురుషుడైనా, పెళ్ళి కాకపోయినా, ప్రత్యేక కుటుంబంగానే పరిగణిస్తుంది. కనుక ముంపు గ్రామంలో పద్దెనిమిది నిండిన యువతికి తండ్రితో నిమిత్తం లేకుండా పరిహారం కోరే అవకాశం ఉండవచ్చు. అయితే ఆమె వయసును నిరూపించే కాగితం ఉండాలి. బడి రిజిస్టరులో ఒక తేదీ, ఆధార్ కార్డులో మరొక తేదీ ఉంటే ఆ చిన్న తేడా వల్ల కుటుంబంలో ఒక పేరు జాబితా నుంచి జారిపోతుంది. పాత బడికి వెళ్ళి, ప్రవేశ పుస్తకం వెదికించి, ప్రధానోపాధ్యాయుని ధ్రువీకరణ తీసుకొని, అభ్యంతరాల గడువు ముగియకముందే దాన్ని రెవెన్యూ డివిజనల్ అధికారి కార్యాలయంలో దాఖలు చేసి రసీదు తెచ్చుకోవాలి.