అనంతపురం ఎండలో, దుమ్ములో రోజంతా నడిచే డెస్క్‌టాప్: ప్రాసెసర్ కంటే ముందు చూడాల్సినవి

పోయిన నెల ధర్మవరం నుంచి మా బావ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. కంప్యూటర్ షాపులో రాసిచ్చిన కొటేషన్. కింద ఒకే ఒక్క లైను: "ఏమప్పా, దీన్ని తీసుకునేదా వద్దా?"

ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ముందు భాగమంతా గ్లాస్ ఉన్న క్యాబినెట్, అందులో రంగురంగుల లైట్ల ఫ్యాన్లు నాలుగు. ఎస్‌ఎంపీఎస్ దగ్గర "450 వాట్స్" అని మాత్రం రాశారు, కంపెనీ పేరు లేదు. యూపీఎస్ ఊసే లేదు.

బావ గేములు ఆడడు. పట్టుచీరల డిజైన్లు గీస్తాడు. అంచు, కొంగు, బుటా అన్నీ కంప్యూటర్‌లో గ్రాఫ్‌గా వేస్తాడు. ఒక్కో గడి జకార్డులో ఏ దారం లేవాలో, ఏది లేవకూడదో చెబుతుంది. ఆ ఫైల్‌ను బట్టే అట్టల మీద రంధ్రాలు కొడతారు, ఎలక్ట్రానిక్ జకార్డు అయితే పెన్‌డ్రైవ్‌లో నేరుగా మెషీన్‌కు పోతుంది. ఒక్క గడి తప్పినా మగ్గం మీద ఆ తప్పు చీర పొడవునా మళ్లీ మళ్లీ వస్తుంది. ఉదయం 8 నుంచి రాత్రి 9 దాకా సిస్టమ్ ఆన్‌లోనే ఉంటుంది. నా దృష్టిలో ఇది గేమింగ్ కంటే కష్టమైన చాకిరీ. బెంచ్‌మార్క్ స్కోర్లు మాత్రం దీన్ని కొలవవు.

నేనూ ఒకసారి ఇలాంటి కొటేషన్‌కే పడిపోయాను కాబట్టి ముందు అది చెప్పాలి.

2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ నడుస్తున్నప్పుడు అనంతపురంలో ఇంటి దగ్గరే డెస్క్‌టాప్ కట్టించుకున్నా. యూట్యూబ్‌లో రివ్యూలు చూసి చూసి డబ్బంతా ప్రాసెసర్ మీద పెట్టా. ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చింది, అదే చాలనుకున్నా. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్యాన్ ఆగలేదు, లైటు ఆరలేదు. సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అయింది. లేచాక చూస్తే గిట్ రిపాజిటరీలో కొన్ని ఆబ్జెక్ట్ ఫైళ్లు సున్నా బైట్లు. పుష్ చేయని రెండు రోజుల పని పోయింది. ఆ తర్వాత మూడు వారాలకు ఎస్‌ఎంపీఎస్ కాలిన వాసనతో చచ్చిపోయింది. తప్పు ప్రాసెసర్‌ది కాదు. నేను చూసిన రివ్యూలన్నీ ఏసీ గదుల్లో, మంచి కరెంటు మీద తీసినవి. నా సిస్టమ్ బతకాల్సింది అనంతపురంలో.

అందుకే బావకు కొటేషన్‌ను కింది నుంచి పైకి చదవమన్నా. గోడలో సాకెట్‌తో మొదలుపెట్టి ప్రాసెసర్ దగ్గరికి చివరన రావాలి.

మొదట ఎర్తింగ్

"కంప్యూటర్ డబ్బాను ముట్టుకుంటే జివ్వుమంటాంది" అని మా వైపు చాలామంది అంటారు. చెప్పులేసుకుని ముట్టుకుంటే సరిపోతుందని సలహా కూడా ఇస్తారు! అసలు సంగతి ఏమిటంటే ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే ఆ మెటల్ బాడీ మీద మెయిన్స్ వోల్టేజ్‌లో దాదాపు సగం, అంటే 115 వోల్టుల వరకూ మీటర్‌లో కనిపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా జివ్వుమని వదిలేస్తుంది. కానీ స్పైక్ వచ్చినప్పుడు దారి లేక అది మదర్‌బోర్డు, యూఎస్‌బీ పోర్టుల మీద పడే ప్రమాదం ఉంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఎర్తింగ్ పనిచేయాలంటే గుంతలో తేమ ఉండాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. ఎర్ర మట్టి, కింద రాయి. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తింగ్ పైపు చుట్టూ నాలుగైదు వేసవుల తర్వాత మట్టి ఎండి బిగుసుకుపోతుంది. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది, అంతే.

పరీక్ష సులువు, కానీ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య సుమారు 230 వోల్టులు రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. బావ ఇంట్లో అది 38 వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు గురించి మాట్లాడే ముందు గుంత తవ్వించమన్నా.

ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, ఇన్వర్టర్

మంచి ఎస్‌ఎంపీఎస్‌ను గుర్తుపట్టడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. స్టిక్కర్ మీద ఇన్‌పుట్ వోల్టేజ్ చూడండి. 100–240 అని ఉంటే సాధారణంగా అందులో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది, వోల్టేజ్ బాగా పడిపోయినా తట్టుకుంటుంది. 200–240 అని ఉంటే పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయ్యే వేళ ఇబ్బంది పెడుతుంది. 80 ప్లస్ బ్రాంజ్ సర్టిఫికెట్ ఉన్న, పేరున్న కంపెనీ 450 లేదా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలు.

నా సిస్టమ్ ఎందుకు రీస్టార్ట్ అయిందో తర్వాత తెలిసింది. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో 16 మిల్లీసెకన్ల చుట్టూ నిలబడాలి. చౌక రకాలు అంత కూడా నిలబడవు. ఇళ్లలో వాడే ఇన్వర్టర్లకు చాలావాటికి వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది: ఒకవైపు యూపీఎస్ మోడ్, ఇంకోవైపు నార్మల్ లేదా ఎకో మోడ్. యూపీఎస్ మోడ్‌లో బ్యాటరీకి మారడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. రెండోదాంట్లో 40 వరకూ పట్టొచ్చు. ఫ్యాన్‌కు అది తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. మా ఇంట్లో ఆ స్విచ్ కొన్నప్పటి నుంచీ ఎకోలోనే ఉంది! ఇది చదువుతున్నవాళ్లు లేచి వెళ్లి ఒకసారి చూసిరండి.

ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే దాని మీద కంప్యూటర్ పెట్టకండి. సైన్ వేవ్ అయితే సరే. అయినా మధ్యలో ఒక లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ ఉండాలనే నేనంటా. వోల్టేజ్ సుమారు 145 నుంచి 290 మధ్య ఊగినా సరిచేసే ఏవీఆర్ చాలావాటిలో ఉంటుంది, కాబట్టి వేరే స్టెబిలైజర్ అక్కర్లేదు.

డబ్బా మీద 600 వీఏ అని చూసి 600 వాట్లు అనుకోకండి. అది దాదాపు 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కు, మానిటర్‌తో కలిపి, అది సరిపోతుంది. నా ప్లగ్ మీటర్‌లో కోడ్ బిల్డ్ నడుస్తున్నప్పుడు కూడా మొత్తం 150 వాట్లు దాటడం అరుదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడితే మాత్రం 1000 వీఏకి పోవాల్సిందే.

యూపీఎస్ లోపలి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అంతకు మించి ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మన గదుల్లో అది రెండేళ్లు వస్తే సంతోషించాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఎండ, దుమ్ము

కూలర్ ఎంత గొప్పదైనా గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. రివ్యూలో 24 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 72 డిగ్రీలు చూపించిందనుకుందాం. మే నెలలో మధ్యాహ్నం మన గది 38 ఉంటే అదే ప్రాసెసర్, అదే కూలర్, అదే పనికి 86 దగ్గర ఉంటుంది. రైజెన్ 7000 సిరీస్ 95 దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే రివ్యూలో కనిపించిన మార్జిన్‌లో ఎక్కువ భాగం మనకు ఉండదు.

అందుకే నేను పేరు చివర ఎక్స్, కె ఉన్న మోడళ్ల జోలికి పోను. రైజెన్ 5 7600ఎక్స్ 142 వాట్ల వరకూ లాగుతుంది, మామూలు 7600 అయితే 88 వద్ద ఆగుతుంది. రెంటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లే. రోజువారీ పనిలో వేగంలో తేడా కనిపెట్టడం కష్టం, వేడిలో తేడా మాత్రం కాళ్లకు తగులుతుంది.

ఇక దుమ్ము. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. జూన్ నుంచి వీచే గాలికి ఎర్రటి దుమ్ము మూసిన కిటికీలోంచి కూడా వస్తుంది. బావ ఇంట్లో దానికి పట్టు నూగు తోడు. రెండూ కలిసి హీట్‌సింక్ రెక్కల మధ్య దుప్పటిలా పరుచుకుంటాయి. ముందు గ్లాస్ ఉన్న క్యాబినెట్ ఫోటోకు బాగుంటుంది, గాలి మాత్రం సందుల్లోంచే రావాలి. ముందు జాలీ, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, బయటికి తోసేది ఒకటి పెడితే లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండి, ఫిల్టర్ లేని సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు. నేల మీద కాకుండా ఒక అడుగు ఎత్తులో పెట్టండి. నడుస్తున్నప్పుడు పైన గుడ్డ కప్పడం వద్దు, ఈ అలవాటు మన ఇళ్లలో టీవీ కాలం నుంచీ ఉంది. నెలకోసారి బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేదంటే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఇప్పుడు ప్రాసెసర్

బావ కొటేషన్‌లో అసలు తిరకాసు ఒక్క అక్షరంలో ఉంది. 12400ఎఫ్‌లో ఆ 'ఎఫ్' అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. డిస్‌ప్లే రావాలంటే కార్డు కొనాల్సిందే. ఎఫ్ లేని 12400 తీసుకుంటే కార్డు డబ్బు మొత్తం మిగులుతుంది. గడుల గ్రాఫ్ గీయడానికి, ఎక్సెల్, ట్యాలీ, కోడింగ్‌కు దాని గ్రాఫిక్స్ చాలు. 4కే వీడియో ఎడిటింగ్, త్రీడీ పని ఉన్నవాళ్లకే కార్డు అవసరం.

ఆరేడేళ్లు వాడి, మధ్యలో ప్రాసెసర్ మార్చుకోవాలనుకుంటే ఏఎం5 బోర్డుతో రైజెన్ 7600 మంచిది. ఆ సాకెట్‌ను 2027 తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. కానీ దానికి డీడీఆర్5 ర్యామే కావాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో కొన్నవాళ్లకు తెలుసు. అందుకే బావకు పాత డీడీఆర్4 బోర్డు మీద 12400 చాలన్నా. 16 జీబీ ఒకే స్టిక్ పెట్టి ఒక స్లాట్ ఖాళీ వదిలేయమన్నా. నాలాగా డాకర్, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఒకేసారి తిప్పేవాళ్లకు 32 లేకపోతే చిరాకు తప్పదు.

బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఆఫీసుల పాత డెస్క్‌టాప్‌లు చౌకగా దొరుకుతాయి, మన వాళ్లు చాలామంది పొద్దున రైలెక్కి పోయి రాత్రికి తెచ్చుకుంటారు. తప్పు లేదు. కానీ "ఐ5" అంటే ఆగిపోకండి, ఎన్నో జనరేషన్ అని అడగండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి పైది ఉండాలి. జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. వారంటీ కోసం మళ్లీ 200 కిలోమీటర్లు పోవాలా, మన ఊళ్లోనే తీసుకుంటారా అన్నది కూడా కొనేముందే తేల్చుకోవాలి.

బావ చివరికి ఏం కొన్నాడు

మాటల్లో ఒక విషయం బయటపడింది. పన్నెండేళ్ల డిజైన్లన్నీ ఒకే పాత హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. వేరే కాపీ లేదు. "అది పోతే?" అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. గ్రాఫిక్స్ కార్డు డబ్బు ఎక్కడికి పోవాలో అప్పుడు తేలిపోయింది.

ఐ5-12400, 16 జీబీ, పని చేసుకోవడానికి 500 జీబీ ఎన్‌వీఎంఈ. డిజైన్ల కాపీకి 1 టీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, దాన్ని వారానికోసారి తగిలించి కాపీ అయ్యాక తీసి బీరువాలో పెట్టాలి. ఇంకో కాపీ క్లౌడ్‌లో. పెట్టిన బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్, 600 వీఏ యూపీఎస్, జాలీ క్యాబినెట్. మిగిలిన దాంతో 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్, 1440పీ రిజల్యూషన్. గడులు పెద్దగా కనిపిస్తాయి, సాయంత్రానికి కళ్లు మండవు. రంగుల విషయంలో మాత్రం ఏ మానిటర్‌నూ నమ్మొద్దన్నా. జరీ మెరుపు ఏ స్క్రీన్ మీదా రాదు, దారం షేడ్ కార్డు పక్కన పెట్టుకోవాల్సిందే. అది నాకంటే ఆయనకే బాగా తెలుసు. మొత్తం షాపు కొటేషన్ కంటే రెండు వేలు తక్కువే అయింది, ఎర్తింగ్ గుంత ఖర్చుతో కలిపి.

మొన్న ఫోన్ చేసి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఇప్పుడు 1.4 వోల్టులు చూపిస్తోందని చెప్పాడు. గుంత ఎండిపోకుండా ప్రతి ఆదివారం బిందెడు నీళ్లు పోస్తున్నాడట. వెనక నుంచి మేనత్త గొంతు వినిపించింది: "తాగేదానికి ట్యాంకరు కోసం కాసుకోనుంటే, వీడు కంప్యూటర్‌కు నీళ్లు పోస్తాండాడు!"