వెలుగు జారిపోని పొర

సూరత్ నగరంలో సానచక్రం ముందు కూర్చున్న వజ్రాల పనివానికి ఒక్కటే దీక్ష: రాతిలో ప్రవేశించిన వెలుగు అడుగునుండి జారిపోరాదు. అడుగు ముఖాలను దాదాపు 41 డిగ్రీల వాలున తీర్చితే, కిరణం లోపల రెండుమార్లు పరావర్తనం చెంది తిరిగి పైకే వస్తుంది. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ కట్టిన లెక్క ఇది. వాలు తప్పెనా, వజ్రం వెలవెలబోతుంది.

అదే నగరంలో మేడలపై పరచిన సౌరఫలకాలదీ వెలుగును పోగొట్టుకొనే సమస్యయే. అయితే వజ్రం వెలుగును తిరిగి ఇవ్వాలి. సౌరఘటం దానిని మింగి విద్యుత్తుగా మార్చాలి.

నేటి మేడలపై అధికంగా కనిపించేవి సిలికాన్ ఫలకాలు. వాటిలోని సిలికాన్ బిళ్ల మందం సుమారు 150 మైక్రాన్లు. కాడ్మియం టెల్లురైడ్ వంటి పలుచని పొర ఘటంలో వెలుగును పీల్చే పొర మందం కొద్ది మైక్రాన్లే. ముడిపదార్థం ఆదా అవుతుంది. కాని అంత సన్నని పొరలో ఏ చిన్న లోపమైనా పెద్ద నష్టమే.

శక్తి పలుచోట్ల పోతుంది. గాజు పైతలం నుండే సుమారు 4 శాతం వెలుగు వెనుదిరుగుతుంది. పైనున్న కాడ్మియం సల్ఫైడ్ పొర నీలి కాంతిని వృథాగా హరిస్తుంది. స్ఫటికపు రేణువుల సరిహద్దులలో, విడివడిన ఎలక్ట్రాన్లు తీగను చేరకమునుపే ఖాళీలలో పడి, శక్తి వేడిగా మారిపోతుంది. వీటన్నిటినీ సరిదిద్దినా ప్రకృతి విధించిన హద్దు ఒకటున్నది: ఒకే సంధి గల ఘటం సూర్యశక్తిలో మూడవ వంతుకు మించి విద్యుత్తుగా మార్చజాలదని 1961లో షాక్లే, క్వీసర్ నిరూపించారు.

ఆ హద్దు వైపే శాస్త్రజ్ఞులు అడుగులు వేస్తున్నారు. కాడ్మియం క్లోరైడ్‌తో వేడిచేసి రేణువుల లోపాలను మాన్పారు. నీలి కాంతిని మింగే పొరను పలుచన చేసి, ఆపైన దాని స్థానంలో మరింత పారదర్శకమైన పొరను నిలిపారు. సెలీనియం కలిపి ఎర్రని అంచు కాంతిని సైతం వశపరచుకొన్నారు. 1980ల ఆరంభంలో 10 శాతం దగ్గరున్న సామర్థ్యం, 2016 నాటికి ప్రయోగశాలలో 22 శాతం దాటింది. విపణిలోని ఫలకం దానికి కొంత వెనుకబడే ఉంటుంది. ఈ పొరలను తయారుచేసే ఫస్ట్ సోలార్ కర్మాగారం 2024 జనవరిలో చెన్నై సమీపాన ప్రారంభమైనది.

నిండు ఎండలో పది చదరపు మీటర్ల మేడపై 10 శాతం సామర్థ్యం ఒక కిలోవాటు నిస్తే, 20 శాతం రెండు కిలోవాట్ల నిస్తుంది. ఇరుకు నగరంలో మేడ పెరగదు, పెరగవలసినది సామర్థ్యమే. పట్టు విడవక ఒక్కొక్క డిగ్రీ సరిచూసుకొనే సానవానికి ఈ మాట కొత్తది కాదు.