అడవి పందికి పిస్టల్ సరిపోతుందా?

యూట్యూబ్‌లో "హాగ్ హంటింగ్" అని కొట్టండి. టెక్సాస్ వీడియోలు వరసపెట్టి వస్తాయి. ఏ రివాల్వర్ మంచిది, అందులో ఏ తూటా వెయ్యాలి అని అక్కడ గంటల తరబడి చర్చలు. అవి చూసి మన హాస్టల్లో కూడా ఎవడో ఒకడు అడుగుతాడు: "ఉద్దానంలో కూడా పందులు పంట నాశనం చేస్తన్నాయి కదరా, ఒక పిస్టల్ ఉంటే అయిపోదా?"

సరదాగా అడిగినా, దాని వెనకున్న బాధ సరదా కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకూలాయి. మళ్లీ నాటిన కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. పంది ముట్టెతో దాని మొదలు తవ్వి లోపలి మొవ్వు తినేస్తే, ఆ ఏళ్లన్నీ ఒక్క రాత్రిలో పోయినట్టే. వేరుశెనగ, చిలగడదుంప, కంద, వరి... ఏదీ వదలదు. కాబట్టి ఆ ప్రశ్నకి సరిగ్గానే జవాబు వెతుకుదాం.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. అమెరికా పంది అక్కడి జంతువు కాదు. 1539లో స్పెయిన్ వాడు హెర్నాండో డి సోటో ఫ్లోరిడాలో దిగినప్పుడు తనతో పందుల్ని తెచ్చాడు. అలా తెచ్చినవి, తర్వాత వచ్చినవి అడవుల్లోకి తప్పించుకుని పెరిగి ఇప్పుడు పెద్ద బెడదయ్యాయి. టెక్సాస్‌లో 2019 నుంచి, భూమి యజమాని ఒప్పుకుంటే వేట లైసెన్స్ లేకుండానే వాటిని కాల్చొచ్చు. మన పంది అలా కాదు. అది ఈ నేలలోనే పుట్టింది, పులికీ చిరుతకీ ఆహారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దానికి రక్షణ ఉంది. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్లోకి వచ్చింది.

ఇక ఫిజిక్స్. తూటా శక్తి అంటే మనం ఇంటర్‌లో చదివిన గతిజశక్తే: ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. మన దేశంలో పౌరులకి లైసెన్స్ మీద దొరికే చేతి తుపాకీ ఎక్కువగా .32 బోర్ రివాల్వరే. దాని తూటా బరువు సుమారు 6.35 గ్రాములు, వేగం సెకనుకి 220 మీటర్లు అనుకుంటే శక్తి దాదాపు 154 జౌల్స్. టెక్సాస్ వీడియోల్లో కనిపించే .44 మాగ్నమ్‌లో 15.5 గ్రాముల తూటా 400 మీటర్ల వేగంతో వెళ్తే సుమారు 1,240 జౌల్స్. 12 బోర్ తుపాకీలో 28 గ్రాముల ఒంటి గుండు వేస్తే 3,000 జౌల్స్ దాటుతుంది.

పెద్ద మగ పంది 100 కిలోలు దాటొచ్చు. దాని భుజాల మీద, పక్కటెముకల మీద చర్మం కింద గట్టి కణజాలం డాలులా పేరుకుని ఉంటుంది. మగ పందులు కోరలతో కొట్టుకుంటాయి కాబట్టి ప్రకృతి ఇచ్చిన కవచం అది. మెత్తని మొన ఉన్న తూటా తగలగానే విచ్చుకుంటుంది. శక్తి తక్కువైతే ఆ కవచం దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే చేతి తుపాకీతో పందిని వేటాడే అమెరికన్లు కూడా పెద్ద క్యాలిబర్‌నే తీసుకుంటారు. విచ్చుకోకుండా లోతుగా దిగే బరువైన గట్టి సీసం తూటాని చాలామంది ఎంచుకుంటారు. పైగా పొట్టి బ్యారెల్‌తో గురి కుదరడం కష్టం. చీకట్లో చెయ్యి వణికితే పంది చావదు, గాయపడుతుంది. గాయపడిన పంది పారిపోయి రోజుల తరబడి నరకం పడుతుంది, లేదంటే తిరగబడి తొడ చీల్చేస్తుంది. అంటే .32 రివాల్వర్ ఈ పనికి పనికిరాదు.

ఈ సంగతి మన చట్టానికి ముందే తెలుసు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ మాట ఉంది. అక్కడ చెప్పింది పిస్టల్ గురించి కాదు, మూతి నుంచి మందు దట్టించే తుపాకీ గురించి. అది చాలదని లైసెన్స్ ఇచ్చే అధికారికి అనిపిస్తే, కనీసం 20 అంగుళాల బ్యారెల్ ఉన్న నున్నని గొట్టం తుపాకీకి అనుమతి ఇవ్వొచ్చు. అయితే ఒక మెలిక ఉంది. తుపాకీకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు వచ్చినట్టు కాదు. పంది పంటకి ప్రమాదంగా మారిందని తేల్చి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలతో రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. 11వ సెక్షన్ చెప్పేది ఇదే.

"ఇవన్నీ అయ్యేసరికి పంట ఉంటదేటి?" అని రైతు అడిగితే తప్పు పట్టలేం. కానీ మన జీడితోటల్లో ఇంకో చిక్కుంది. రాత్రిపూట కొమ్మల కింద కదిలే నల్లని ఆకారం పందే అని ఎలా చెప్తాం? జీడిపండ్లకీ పనసకీ ఎలుగుబంట్లు కూడా వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. ఎలుగు మొదటి షెడ్యూల్ జంతువు. దాన్ని గాయపరిస్తే కేసు సంగతి తర్వాత, ముందు మన ప్రాణం మీదకొస్తుంది. ఆ ఆకారం తోటకి కాపలా పడుకున్న మనిషిదీ కావచ్చు.

తుపాకీ లేనివాళ్లు కొందరు తిన్నగా కరెంటు తీగ లాగేస్తారు. ఇది అన్నిటికంటే ఘోరం. 230 వోల్టుల కరెంటు ఆగకుండా ప్రవహిస్తుంది, కండరాలు బిగుసుకుని పట్టిన చెయ్యి వదల్లేదు. పందికి పెట్టిన తీగ పక్క పొలం రైతుని చంపుతుంది. నాటు బాంబులూ అంతే. 2020 మే నెలలో కేరళలో పేలుడు పదార్థం కొరికి గర్భంతో ఉన్న ఏనుగు ఎలా చనిపోయిందో అందరం చూశాం.

మరి ఏం చెయ్యాలి? ఇక్కడ మన బ్రాంచ్ వాళ్లకి పని ఉంది. సోలార్ ఫెన్స్ ఎనర్జైజర్ సెకనుకి సుమారు ఒక పల్స్ పంపుతుంది. వోల్టేజి వేలల్లో ఉన్నా, ఆ పల్స్ మిల్లీ సెకన్లలో ముగిసిపోతుంది. ఐఈసీ 60335-2-76 ప్రమాణం ప్రకారం ఒక పల్స్ శక్తి 5 జౌల్స్ దాటకూడదు. తడి ముట్టెకి ఆ దెబ్బ తగిలిన పంది మళ్లీ అటు రావడానికి జంకుతుంది. 154 జౌల్స్ తూటా చెయ్యలేని పని 5 జౌల్స్ పల్స్ చేస్తుంది, ఎవరి ప్రాణం తియ్యకుండా.

కాకపోతే ఉద్దానంలో దాన్ని నిలబెట్టడం తేలిక కాదు. ఎండిన ఇసుక నేలలో ఎర్తింగ్ సరిగా అందదు. ఎర్త్ రాడ్లు తేమ తగిలే లోతుకి దించాలి. ఉప్పుగాలికి జాయింట్లు తుప్పు పడతాయి. కింది తీగ పంది ముట్టె ఎత్తులో ఉండాలి, గడ్డి తగిలితే పల్స్ భూమిలోకి పోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు కోస్తూ ఉండాలి. ఒక్కడి వల్ల కాదు, నలుగురు రైతులు కలిసి పెద్ద చుట్టు వేసుకుంటే ఖర్చూ కాపలా పంచుకోవచ్చు.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకి హైదరాబాద్ రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే దారి ఉంది: వేరుశెనగ చుట్టూ నాలుగు వరసల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం. కుసుమ ముళ్లు గుచ్చుకుంటాయి, ఆముదం వాసన పంట వాసనని కప్పేస్తుంది. పంట పోతే వెంటనే ఫొటోలు తీసి, కాశీబుగ్గ గానీ టెక్కలి గానీ, మీకు దగ్గరున్న ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో రాసి ఇవ్వండి. కాల్చడం తప్పదని తేలితే, అది అనుమతి ఉన్న, అనుభవమున్న షూటర్ చెయ్యాల్సిన పని. అతని చేతిలో ఉండాల్సింది పెద్ద తుపాకీ, పిస్టల్ కాదు.

ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక మల్టీమీటర్ పట్టుకెళ్లండి. ఊళ్లో ఎవరి ఫెన్స్ అయినా పనిచెయ్యడం లేదంటే ముందు ఎనర్జైజర్ ఆపి, ఎర్త్ ఎక్కడ తెగిందో చూడండి. మావయ్యకి పిస్టల్ వీడియో చూపించడం కన్నా అది ఎక్కువ సాయం.